కఫీల్ ఒకరు, బాస్ ఒకరు

కువైట్ సిటీలోని మాలియా వీధుల్లో శుక్రవారం సాయంత్రం ఇద్దరు తెలుగువాళ్ళు కొత్తగా కలిస్తే ముందు ఊళ్ళ సంగతి వస్తుంది. రాయచోటా, రాజంపేటా, రాజోలా, నరసాపురమా అన్నది తేలిపోతుంది. ఆ వెంటనే వచ్చేది జీతం మాట కాదు. ‘అన్నా, మీది షూనా, ఖాదిమా?’ అని అడుగుతారు. అడిగినవాడికి ఆ ఒక్క జవాబు చాలు. అవతలివాడి మీద ఎవరికి అధికారం ఉందో, కష్టం వస్తే ఏ ఆఫీసుకు వెళ్ళాలో, ఉద్యోగం మారగలడో లేదో చాలావరకు అర్థమైపోతుంది.

షూన్ అంటే 18వ నంబరు వీసా. కంపెనీల్లో, దుకాణాల్లో, అంటే ప్రైవేటు రంగంలో పనిచేసేవాళ్ళది. ఒకప్పుడు సామాజిక వ్యవహారాలు, కార్మిక మంత్రిత్వ శాఖ చేతిలో ఉండేది కాబట్టి ఆ శాఖ అరబ్బీ పేరే వీసాకు అంటుకుపోయింది. ఖాదిం అంటే 20వ నంబరు. ఇంట్లో వంట, పిల్లల పెంపకం, కారు నడపడం లాంటి పనులకు వచ్చేవాళ్ళది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుల లాంటి వాళ్ళది 17. కుటుంబసభ్యులది 22. నివాస నిబంధనల్లోని అధికరణాల సంఖ్యలు ఇవి. మనవాళ్ళ నోట్లో మాత్రం మనిషి హోదాకు పేర్లయ్యాయి.

కువైట్ జనాభా దాదాపు యాభై లక్షలు. అందులో మూడింట రెండొంతులకు పైగా విదేశీయులే. విదేశీయుల్లో అందరికంటే ఎక్కువమంది భారతీయులు, సుమారు పది లక్షలు. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, ఉభయ గోదావరుల నుంచి, కోనసీమ నుంచి తరాలుగా వెళ్తున్న తెలుగువాళ్ళు వీరిలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. వెళ్ళేముందు వీళ్ళలో చాలామంది జీతం ఎంత, ఓటీ (ఓవర్‌టైమ్) ఉందా, తిండి వాళ్ళదా మనదా అని అడుగుతారు. ‘నా పైన ఉండేది ఎవరు?’ అని అడిగేవాళ్ళు తక్కువ. కువైట్‌లో ఈ ప్రశ్నకు ఒకటి కాదు, రెండు జవాబులు ఉంటాయి.

ఏ సంస్థలోనైనా ఎవరి కింద ఎవరో చూపే పటం ఒకటి ఉంటుంది. పైన యజమాని, కింద జనరల్ మేనేజరు, ఆ కింద విభాగాల అధిపతులు, సూపర్‌వైజర్లు, అట్టడుగున హెల్పర్లు. కువైట్‌లో దీనికి తోడు ఇంకో పటం ప్రభుత్వ కంప్యూటర్లో ఉంటుంది. దానికి రెండే మెట్లు. పైన కఫీల్, కింద కార్మికుడు. మధ్యలో ఎవరూ లేరు. ఎవరి పేరు మీద వీసా వచ్చిందో ఆయనే కఫీల్, చట్టం దృష్టిలో బాధ్యుడు. ఈ రెండు పటాలు కలిసిన చోట ఉద్యోగం మామూలు ఉద్యోగంలానే సాగిపోతుంది. ఇవి విడిపోయిన చోటే మనవాళ్ళ కష్టాల్లో ఎక్కువ భాగం మొదలవుతుంది.

రెండు గంటల ఓటీ ప్రయాణం

ఓ మోస్తరు కాంట్రాక్టింగ్ కంపెనీని తీసుకుందాం. తెల్లవారుజామున నాలుగున్నరకే మహబూలా, మంగాఫ్, జలీబ్ లాంటి చోట్ల బిల్డింగుల ముందు బస్సులు ఆగుతాయి. గదుల దగ్గర క్యాంప్ బాస్ మాట చెల్లుతుంది. ఎవరు ఏ గదిలో ఉండాలి, ఎవరి మంచం ఎక్కడ, ఏసీ పాడైతే ఎవరికి చెప్పాలి అన్నీ ఆయనవే. బస్సెక్కి సైటులో దిగాక ఫోర్‌మన్ మాట మొదలవుతుంది. ఆయన మీద సూపర్‌వైజరు, ఆ పైన సైట్ ఇంజినీరు, ప్రాజెక్ట్ మేనేజరు. హెల్పరుకు ప్రాజెక్ట్ మేనేజరు ముఖం తెలియకపోవచ్చు. యజమాని పేరు కూడా తెలియకపోవచ్చు. ఫోర్‌మన్ మాత్రం రోజూ ఎదురుగా ఉంటాడు.

ఈ నిచ్చెన ఎలా పనిచేస్తుందో రెండు గంటల ఓవర్‌టైమ్‌ను వెంబడిస్తే తెలుస్తుంది. సాయంత్రం కాంక్రీటు పోసే పని మిగిలింది, ఉండిపొమ్మని ఫోర్‌మన్ చెబుతాడు. హాజరు షీటులో కార్మికుడి కంపెనీ నంబరు ఎదురుగా ‘2’ అని రాస్తాడు. సూపర్‌వైజరు దాని పక్కన పొట్టి సంతకం పెడతాడు. టైమ్‌కీపరు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ప్రాజెక్ట్ మేనేజరు ఆమోదిస్తాడు. హెచ్‌ఆర్ వాళ్ళు జీతాల పట్టికలో కలుపుతారు. అకౌంట్స్ నుంచి బ్యాంకుకు వెళ్తుంది. నెల జీతం 120 దీనార్లు అనుకుంటే 26 పనిదినాలు, రోజుకు ఎనిమిది గంటల లెక్కన గంటకు 577 ఫిల్సులు. చట్టం ప్రకారం ఓటీకి పాతిక శాతం ఎక్కువ ఇవ్వాలి. కాబట్టి రెండు గంటలకు దాదాపు 1 దీనార్ 440 ఫిల్సులు, మన లెక్కలో నాలుగు వందల రూపాయల దాకా. ఈ చిన్న మొత్తం ఆరు చేతులు దాటి రావాలి. ఏ చేతిలో ఆగినా నెలాఖరున జీతం తక్కువ పడుతుంది. ‘షీటు రాలేదు’ అన్న జవాబు వస్తుంది. షీటు ఎక్కడ ఆగిందో కిందివాడికి కనిపించదు.

2010లో వచ్చిన ఆరో నంబరు ప్రైవేటు రంగ కార్మిక చట్టం ఇక్కడ ఒక మంచి పని చేసింది. ఓటీ చేయించాలంటే యజమాని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలని చెప్పింది. రోజుకు రెండు గంటలు, ఏడాదికి 180 గంటలు మించరాదని హద్దు పెట్టింది. రాత ఆదేశం లేకుండా చేయించినా, ఆ పని చేసినట్టు ఏ విధంగానైనా రుజువు చేసుకునే హక్కు కార్మికుడికి ఇచ్చింది. ఈ వాక్యం విలువ మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఫోర్‌మన్ వాట్సాప్‌లో పెట్టిన ‘రేపు ఆరింటిదాకా డ్యూటీ’ అన్న సందేశం, హాజరు షీటు ఫొటో ఆఫీసులో బల్ల మీద పెట్టదగిన ఆధారాలే. పని చేసినవాడు వాటిని డిలీట్ చేయకుండా దాచుకోవాలి.

జరిమానాలదీ ఇదే దారి. ఆలస్యంగా వచ్చావు, రెండు రోజుల జీతం కట్ అని నోటిమాటగా చెప్పే ఫోర్‌మన్లు ఉన్నారు. అసలు ఆ అధికారం ఫోర్‌మన్‌ది కాదు. ఏ తప్పుకు ఏ శిక్ష అన్న పట్టికను కంపెనీ పనిచోట కనబడేలా పెట్టాలి. ఆరోపణను రాసి ఇవ్వాలి. కార్మికుడి మాట వినాలి. అప్పటికీ నెలలో ఐదు రోజుల జీతానికి మించి కోయకూడదు. పద్ధతిగా నడిచే కంపెనీల్లో ఇది నడుస్తుంది. లేని చోట ఫోర్‌మన్ కోపమే శిక్షాస్మృతి అవుతుంది.

అధికారం భాష మీద కూడా నడుస్తుంది. ఫోర్‌మన్ మలయాళీ కావచ్చు, ఈజిప్షియన్ కావచ్చు, పాకిస్థానీ కావచ్చు. సైటులో వినబడేది హిందీ, అరబ్బీ కలిసిన మాట. కడప పల్లె నుంచి నేరుగా వచ్చిన కుర్రాడికి మొదటి ఆరు నెలలు ఆ మాటే పెద్ద గోడ. నాలుగు అరబ్బీ ముక్కలు, కాస్త హిందీ వచ్చినవాడు తోటివాళ్ళకు దుబాసీ అవుతాడు. రెండేళ్ళకు చార్జ్‌హ్యాండ్ అవుతాడు, తర్వాత ఫోర్‌మన్ అవుతాడు. మన దగ్గర గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళకు తాపీ పని, ప్లంబింగు, ఎలక్ట్రికల్ పని నేర్పే కేంద్రాలు ఉన్నాయి. వాటిలో మూడు నెలల హిందీ, అరబ్బీ కూడా నేర్పితే ఈ మెట్లు ఎక్కడానికి పట్టే కాలం తగ్గుతుంది.

మందూబ్ సంచి

కంపెనీ పటంలో ఎక్కడో పక్కన చిన్న గడిలో ఉండే మనిషి మందూబ్. కంపెనీ తరఫున ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగేవాడు. అకామా (నివాస అనుమతి) రెన్యువల్, వేలిముద్రలు, మెడికల్, సివిల్ ఐడీ అన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్తాయి. ఆయన ఎవరికీ బాస్ కాదు, ఎవరికీ పని చెప్పడు. అయినా ఇంటికి వెళ్ళాల్సిన వారం ముందు మందూబ్ ఫోన్ ఎత్తకపోతే ప్రాజెక్ట్ మేనేజరు కూడా ఏమీ చేయలేని పరిస్థితి చాలాకాలం ఉండేది. అకామా గడువు దాటితే జరిమానా పడేది కార్మికుడి పేరు మీద. ఆలస్యం చేసింది మాత్రం ఆఫీసు.

ఈ అధికారాన్ని కొంతవరకు కరిగించింది ఫోన్. 2021లో ప్రభుత్వం తెచ్చిన సహెల్ యాప్‌లో తన అకామా గడువు ఎప్పటిదాకా ఉందో, తన వర్క్ పర్మిట్ ఏ కంపెనీ మీద ఉందో, అందులో తన ఉద్యోగం పేరు ఏమని రాశారో, జీతం ఎంతని చూపారో కార్మికుడే చూసుకోవచ్చు. ఇదివరకు ఇవన్నీ మందూబ్ సంచిలో ఉండేవి. ఇప్పుడు జేబులోకి వచ్చాయి. అయినా యాప్ వాడటం రాక నలభై, యాభై ఏళ్ళు దాటిన మనవాళ్ళు ఇంకా గదిలోని కుర్రాళ్ళ మీద ఆధారపడుతున్నారు. ఒక శుక్రవారం గంట కూర్చుని పెద్దవాళ్ళకు ఇది నేర్పడం కంటే మేలైన సంఘసేవ కువైట్‌లోని తెలుగు సంఘాలకు దొరకదు.

ముత్యాల పడవ నుంచి అహ్మదీ దాకా

కార్మికుడి కదలిక కఫీల్ చేతిలో ఉండే ఈ కట్టుబాటు చమురు బావులతో పుట్టింది కాదు. చమురుకు ముందు కువైట్ బతుకు సముద్రం మీదే. వేసవిలో నాలుగు నెలలు ముత్యాల వేటకు పడవలు వెళ్ళేవి. పడవకు నాయకుడు నోఖదా. ఆయన కింద ముజద్దిమి అనే మేస్త్రీ. ఆ తర్వాత నీళ్ళలోకి దూకే ఘైస్‌లు, తాడు పట్టుకుని వాళ్ళను పైకి లాగే సైబ్‌లు, పని నేర్చుకునే కుర్రాళ్ళు, పాట పాడి అందరిలో ఉత్సాహం నింపే నహ్హామ్. రాబడిలో ఎవరి వంతు ఎంతో ముందే స్థిరం. నోఖదాకు డబ్బు పెట్టేది ఒడ్డున ఉన్న వ్యాపారి. నోఖదా ఆ డబ్బులోంచి మనుషులకు బయానా ఇచ్చేవాడు. సీజను బాగా లేకపోతే ఆ బయానా అప్పుగా మిగిలేది. అప్పు తీరకుండా ఇంకో పడవ ఎక్కాలంటే ‘బర్వా’ అనే చీటీ కావాలి. పాత నోఖదా దగ్గర ఎంత బాకీ ఉందో అందులో రాసి ఉండేది. పనిచేసేవాడు యజమాని కాగితం లేకుండా కదలలేని పద్ధతి గల్ఫ్ తీరంలో అంత పాతది. జపాన్ పెంపుడు ముత్యాలు, 1930ల ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని ముంచేశాయి.

ఆ దశాబ్దంలోనే చమురు కంపెనీ వచ్చింది. ఆంగ్లో-పర్షియన్, అమెరికాకు చెందిన గల్ఫ్ ఆయిల్ కలిసి 1934లో కువైట్ ఆయిల్ కంపెనీని పెట్టాయి. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆగి, 1946లో మొదటి ఓడ బయలుదేరింది. కంపెనీ సిబ్బంది కోసం ఎడారిలోని ఒక గట్టు మీద అహ్మదీ పట్టణం కట్టారు. అప్పటి కంపెనీ పటాన్ని ఆ పట్టణంలో నేల మీదే చూడవచ్చు. ఉత్తరాన తోటలున్న బంగళాల్లో బ్రిటిష్, అమెరికన్ అధికారులు. మధ్యలో భారత ఉపఖండం నుంచి వచ్చిన గుమాస్తాలు, సాంకేతిక సిబ్బంది. దక్షిణాన అరబ్ కార్మికులు. ఎవరి మెట్టు ఏదో ఇల్లు ఏ వీధిలో ఉందో చెబితే తెలిసిపోయేది. అప్పట్లో అక్కడ చెలామణీ అయింది మన రూపాయే. 1961లో దీనార్ వచ్చేదాకా జీతాలు రూపాయల్లోనే. 1975లో కంపెనీ పూర్తిగా ప్రభుత్వపరం అయింది. పైమెట్ల మీద కువైటీలు వచ్చారు. కిందిమెట్లు మాత్రం విదేశీయులతోనే నిండి ఉన్నాయి. 1970ల చమురు ధరల పెరుగుదల తర్వాత వెళ్ళిన మన రాయలసీమ, గోదావరి జిల్లాలవాళ్ళు ఎక్కింది ఈ నిచ్చెన మెట్లే.

వ్యాపార యాజమాన్యానికి కూడా ఇలాంటి కట్టుబాటే ఉంది. 1980 నాటి వాణిజ్య చట్టం ప్రకారం విదేశీయుడు సొంతంగా వ్యాపారం పెట్టలేడు. 51 శాతం కువైటీ భాగస్వామిది అయి ఉండాలి. 2013లో విదేశీ పెట్టుబడుల చట్టం పెద్ద సంస్థలకు ప్రత్యేక అనుమతితో నూరు శాతం దాకా దారి తెరిచింది. ఒక వీధి చివర చిన్న హోటలుకో, కిరాణా దుకాణానికో అది అందేది కాదు. అందుకే డబ్బు పెట్టి, పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి దుకాణం నడిపే మనిషి కాగితాల్లో ఉద్యోగిగా ఉండటం, లైసెన్సు మీద పేరున్న మనిషి ఏడాదికోసారి వచ్చి తన మొత్తం తీసుకెళ్ళడం అక్కడ మామూలు. స్నేహం ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. చెడితే చట్టం ముందు నిలబడేది కాగితం మీద ఉన్న పేరే.

ఇంట్లో హెచ్‌ఆర్ ఉండదు

కంపెనీలో అన్యాయం జరిగితే కనీసం తోటివాళ్ళు సాక్ష్యం ఉంటారు. ఖాదిం వీసా మీద ఇంట్లో పనిచేసే తల్లికి ఆ భాగ్యం లేదు. ఆమెకు అధికారులు బాబా (యజమాని), మామా (యజమానురాలు), కొన్ని ఇళ్ళలో పెద్ద కూతురు, కోడలు కూడా. నలుగురూ నాలుగు పనులు చెబుతారు. ఎవరి మాట ముందు వినాలో ఎక్కడా రాసి ఉండదు. పెద్ద ఇంట్లో వంటమనిషి, డ్రైవరు, పిల్లలను చూసుకునే ఆమె మధ్య కూడా ఒక వరస ఏర్పడుతుంది. ఎక్కువకాలంగా ఉన్నవాళ్ళ మాటే చెల్లుతుంది.

కువైట్ కార్మిక చట్టం ఇంటిపనివాళ్ళకు చాలాకాలం వర్తించనే లేదు. 2015లో వాళ్ళ కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు, వారానికో సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు ఇవ్వాలి. పని మానేటప్పుడు ఏడాదికి నెల జీతం చొప్పున చెల్లించాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది 60 దీనార్ల కనీస వేతనం నిర్ణయించారు. గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి కనీస వేతనం చట్టపరంగా పెట్టింది కువైటే మొదట. ఈ గౌరవం ఆ దేశానికి దక్కాల్సిందే. అయితే ఇంటి తలుపు లోపల పన్నెండు గంటలు దాటాయో లేదో చూసేదెవరు? తనిఖీ అధికారి సైటుకు వెళ్ళినట్టు ఇంట్లోకి వెళ్ళలేడు. ఫోను చేతిలో ఉండనివ్వడం, వారానికి ఒకరోజు బయటికి వెళ్ళనివ్వడం అన్న రెండు చిన్న విషయాల మీదే మిగతా హక్కులన్నీ ఆధారపడి ఉన్నాయి. రాయచోటి నుంచో పాలకొల్లు నుంచో వెళ్ళే అక్కచెల్లెళ్ళు ఒప్పందంలో ముందుగా అడగాల్సినవి ఇవే.

ఇక అసలు చిక్కు ఖాదిం వీసా మీద వెళ్ళి బయట పనిచేసేవాళ్ళది. ‘ఫ్రీ వీసా’ అని ఊళ్ళో ఏజెంట్లు అమ్మేది ఇదే. అలాంటి వీసా చట్టంలో లేదు. ఎవరో కువైటీ ఇంటిపనికని తీసిన వీసాను డబ్బు తీసుకుని ఇస్తారు. మనవాడు వెళ్ళి ఫర్వానియాలోనో హసావిలోనో గది తీసుకుని దొరికిన పని చేస్తాడు. పని చెప్పే మనిషికి చట్టపరంగా అతనితో సంబంధం లేదు. వీసా ఇచ్చిన మనిషికి అతని ముఖం గుర్తుండదు. జీతం ఎగ్గొడితే ఏ ఆఫీసులో ఫిర్యాదు చేయాలి? ఫిర్యాదు చేస్తే ముందు బయటపడేది తను వేరేచోట పనిచేస్తున్న సంగతే. కఫీల్ పరారీ కేసు పెడితే ఖల్లివల్లి, అంటే చెల్లే కాగితాలు లేని మనిషి అయిపోతాడు. అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళాలన్నా, ఊరికి రావాలన్నా భయమే. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మాత్రమే దారి తెరుచుకుంటుంది. 2018లో, 2020లో, మళ్ళీ 2024 మార్చి 17 నుంచి జూన్ వరకు అలా తెరిచారు. 2024 జులై మధ్య నుంచి సెప్టెంబరు 12 దాకా ఖాదిం నుంచి షూన్‌కు మారే వీలు కూడా ఇచ్చారు. రెండు నెలల ఆ వెసులుబాటు కోసం ఏళ్ళు ఎదురుచూసినవాళ్ళున్నారు.

వీసాల వ్యాపారం మీద కువైట్ ఇప్పుడు కఠినంగా ఉంది. 1959 నుంచి నడిచిన విదేశీయుల నివాస చట్టం స్థానంలో కొత్త చట్టం 2025 జనవరి 5న అమల్లోకి వచ్చింది. వీసా అమ్మేవాళ్ళకు మూడు నుంచి ఐదేళ్ళ జైలు, 5,000 నుంచి 10,000 దీనార్ల జరిమానా పెట్టింది. అక్కడ చట్టం బిగిసినా ఇక్కడ మన పల్లెల్లో సబ్ ఏజెంట్ల వ్యాపారం సాగుతూనే ఉంది.

డిగ్రీ ఉన్నా హోదా దక్కలేదు

రెండు పటాల సమస్య కూలీలదే అనుకుంటే పొరపాటు. 2018లో కువైట్ ప్రభుత్వం ఇంజినీర్లందరూ కువైట్ సొసైటీ ఆఫ్ ఇంజినీర్స్ నుంచి ధ్రువీకరణ తెచ్చుకోవాలంది. భారతీయ డిగ్రీల విషయంలో మన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్ (ఎన్‌బీఏ) గుర్తింపును కొలమానం చేసింది. ఎన్‌బీఏ గుర్తింపు లేని కోర్సులు చదివినవాళ్ళు వేలమంది ఇరుక్కుపోయారు. మన రాష్ట్రాల్లో వీధికో ఇంజినీరింగ్ కళాశాల వెలసిన రోజుల్లో చదివినవాళ్ళు వీరిలో ఎందరో. పదేళ్ళుగా సైట్ ఇంజినీరుగా పనిచేస్తున్నవాళ్ళు అకామా రెన్యువల్ కోసం కాగితం మీద సూపర్‌వైజరుగానో, ఇంకో పేరుతోనో మారాల్సి వచ్చింది. కుర్చీ అదే, పని అదే. హోదా మాత్రం ఒక మెట్టు కిందికి దిగింది. కాలేజీ ఎంచుకునేటప్పుడు ఎన్‌బీఏ గుర్తింపు అడగని తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలి.

బాధ్యత ఎవరిది?

అధికారం పైనుంచి కిందికి దిగుతుంది. బాధ్యత కిందినుంచి పైకి ఎక్కాలి. ఎక్కకపోతే ఏమవుతుందో 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో ప్రపంచం చూసింది. ఒక కంపెనీ కార్మికులు ఉంటున్న ఆరంతస్తుల భవనంలో కింది అంతస్తున మంటలు లేచాయి. పొగ మెట్ల మీదుగా పైకి కమ్ముకుంది. 50 మంది చనిపోయారు. అత్యధికులు భారతీయులు, అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. గదులను విడదీసిన అడ్డుగోడల సామగ్రి తేలిగ్గా అంటుకునేదని, మేడ మీది తలుపుకు తాళం ఉందని అగ్నిమాపక అధికారులు చెప్పారు.

ఆ తాళం ఎవరు తీయాలి? కాపలాదారా, క్యాంప్ బాసా, భవన యజమానా, కంపెనీ భద్రతాధికారా? పటంలో ఇన్ని గడులు ఉన్నాయి. ఒక తలుపు తెరిచి ఉంచే పని ఏ గడిలోదో నిద్రపోతున్న మనుషులకు తెలియదు. ప్రమాదం తర్వాత కువైట్‌లో భవనాల తనిఖీలు, అరెస్టులు జరిగాయి. అవి అవసరమే. ప్రతి క్యాంపు గోడ మీదా ‘మంటలొస్తే ఈ తలుపు, ఈ మనిషి, ఈ నంబరు’ అని కార్మికులు చదవగల భాషల్లో, తెలుగులో కూడా, రాసి ఉండటం అంతకంటే ఎక్కువ అవసరం.

కఫీల్ పట్టు సడలుతోందా, బిగుస్తోందా అంటే రెండూ జరుగుతున్నాయి. మూడేళ్ళు ఒక కంపెనీలో చేసినవాళ్ళు యజమాని అనుమతి లేకుండా మారేందుకు 2016లో ఒక నిబంధన దారి ఇచ్చింది. మూడేళ్ళు నిండకముందే మారాలంటే కఫీల్ ఒప్పుకోవాలి, 2024 జూన్ నుంచి 300 దీనార్లు అదనంగా కట్టాలి. 2025 జులై 1 నుంచి 18వ నంబరు వీసావాళ్ళు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. ఊళ్ళో తండ్రి ప్రాణం మీదికి వచ్చి రాత్రికి రాత్రి బయలుదేరాల్సిన మనిషికి ఫోనులో ఆ ఆమోదం ఎంతసేపట్లో వస్తుందన్నదే ఇప్పుడు పెద్ద బెంగ. కంపెనీలో అర్ధరాత్రి కూడా ఆమోదించగల మనిషి ఒకరుండాలని కార్మికులు అడగడం న్యాయమే.

చివరి లెక్క విషయంలోనూ కాగితమే గట్టిది. 150 దీనార్ల జీతంతో ఎనిమిదేళ్ళు చేసిన మనిషిని కంపెనీ మాన్పిస్తే మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల చొప్పున, మిగతా మూడేళ్ళకు నెల చొప్పున మొత్తం దాదాపు 882 దీనార్లు రావాలి. తానే రాజీనామా చేస్తే అందులో మూడింట రెండు వంతులు, సుమారు 588. పదేళ్ళు దాటి రాజీనామా చేస్తే మొత్తం వస్తుంది. తొమ్మిదిన్నరేళ్ళకు కోపంలో కాగితం పడేసే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. వర్క్ పర్మిట్‌లో చూపిన జీతం, చేతికి వచ్చే జీతం వేరైతే ఈ మొత్తం కూడా తగ్గిపోయే ప్రమాదం ఉంది.

ఇంట్లో ఎవరైనా కువైట్ బయలుదేరుతుంటే సూట్‌కేసు సర్దకముందే వీసా కాగితం ముందు పెట్టుకోండి. అందులో నంబరు 18 ఉందా, 20 ఉందా చూడండి. కఫీల్ పేరు, ఒప్పందంలో జీతం ఇచ్చే కంపెనీ పేరు ఒకటేనా చూడండి. ఏజెంటుకు భారత ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో సరిచూసుకోండి. సేవా రుసుముగా అతను తీసుకోదగినది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీకి రెండేళ్ళకు అయ్యేది 275 రూపాయలు, అది తప్పక తీసుకోండి. ఒప్పందం ప్రతి ఒకటి ఇంట్లో ఉంచండి. పేర్లు రెండు రకాలుగా కనబడితే టికెట్ కొన్నా సరే, ఆగి అడగండి.